తలుపు వెనక మేకు

రంగులు వేయించుకుని కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతూ ఇంటికొచ్చిన రాణి, చిట్టత్త లేచి నిలబడగానే కింద చతికిలబడింది.

అదేం చోద్యం! మనిషి నిలబడితే బొమ్మ నిలబడాలి. మనిషి అడుగేస్తే బొమ్మ అడుగెయ్యాలి. కొయ్యబొమ్మలాటంటేనే అంత. బొమ్మ బరువంతా ఆడించే మనిషి నెత్తి మీదే ఉంటుంది. బరువులు మోసేవాళ్ళు తల మీద పెట్టుకునే గుడ్డ కుదురు చూశారు కదా, అలాంటిదే ఒకటి తలకి బిగించుకుంటారు. దాన్నుంచి దిగే దారాలకి బొమ్మ తలా, భుజాలూ, నడుమూ వేలాడతాయి. బొమ్మ చేతులకి మాత్రం రెండు ఇనప ఊచలు. నల్లతెర వెనక మనిషి నడుస్తుంటే తెర ముందు బొమ్మ నడుస్తుంది. వెనక మనిషికి చెమటలు, ముందు బొమ్మకి చప్పట్లు.

"ఏమే, నేను లేస్తే నువ్వు కూర్చుంటావా? నాలుగు రోజులు పరాయింట్లో ఉండేసరికి ఒళ్ళు బరువెక్కిందా?" అని చిట్టత్త బొమ్మనే కోప్పడింది.

బొమ్మలతో మాట్లాడ్డం ఆవిడకి అలవాటు. ముప్ఫై ఏళ్ళ పైమాటే, రాణి ఆవిడ తల మీద నుంచే లోకాన్ని చూసింది. మనిషి పొట్టి. అన్నయ్య కూతురికి మాటలొచ్చిన కొత్తల్లో 'చిట్టత్తా' అని పిలిస్తే, ఆ పిలుపు ఆటబృందం మొత్తానికి అంటుకుంది. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి, బొమ్మల షెడ్డు వెనక గదిలో ఉంటూ, వదినకి వంటింట్లోనూ అన్నయ్యకి ఆటలోనూ చేదోడుగా ఉండిపోయింది. పిల్లల్లేరు. ఎవరైనా జాలిపడితే, "నాకేం, తిండి పెట్టక్కర్లేని కూతురుంది" అని రాణిని చూపించి నవ్వేసేది.

మళ్ళీ లేచి నిలబడి చూసింది. రాణి మోకాళ్ళు మడుచుకుని మళ్ళీ కూలబడింది. దారాలు వదులు. నాలుగు వేళ్ళ వదులు.

అన్నయ్య షెడ్డు అవతలి మూల కూర్చుని రాజు బొమ్మ మోచేతికి కీలు బిగిస్తున్నాడు. బృందానికి పెద్ద ఆయనే. పాటా ఆయనదే, మాటా ఆయనదే.

"అన్నయ్యా, దారాలు మార్చావా?"

"మార్చకుండా ఎలాగే? రంగులాయన దారాలుంటే కుంచె ఆడదన్నాడు. పాతవి కోసేసి కొత్తవి కట్టా. నీ మేకు కొలతకే కట్టా. ఏం, తేడా వచ్చిందా?"

"ఏం లేదులే," అంది చిట్టత్త.

ఉంది. కానీ చెప్పుకోలేనిది. షెడ్డు మధ్య గుంజకి ఆవిడ పేర ఒక మేకుంది. మేనత్త నుంచి రాణి తన తలకి మారిన రోజున, నాన్న ఆవిడని గుంజకి ఆనించి నిలబెట్టి, నడినెత్తి ఎత్తున ఆ మేకు కొట్టాడు. కొలత అంటే అదే. కుదురు మేకుకి తగిలించి, బొమ్మ పాదాలు నేలకి ఆనేదాకా దారం వదిలి ముడేస్తారు. ఆడించే ఒక్కొక్కళ్ళకీ ఒక్కో మేకు. ఒకరి కొలతతో కట్టిన బొమ్మ ఇంకొకరికి పనికిరాదు. పొట్టివాడి బొమ్మ పొడుగువాడి చేతిలో గాల్లో తేలుతుంది, పొడుగువాడి బొమ్మ పొట్టివాడి చేతిలో కుంటుతుంది.

ఇన్నేళ్ళ బరువుకి మెడ కుంగింది, నడుం వంగింది. మేకు ఉన్నచోటే ఉంది, మనిషి కిందకి దిగింది. రాణి కాలు ఈడ్చినప్పుడల్లా చిట్టత్త ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా కూర్చుని, కుదురు దగ్గర దారాల్ని ఒక మడత వేసి ముడి బిగించుకునేది. చెప్తే ఏమంటారు? 'పాపం, అయిపోయింది' అంటారు. ఆ మాట పడటం ఇష్టం లేక మడతల మీద మడతలు వేసుకుంటూ వచ్చింది. కోసేసిన ఆ పాత దారాల్ని అన్నయ్య ఒక్కసారి కళ్ళు పెట్టి చూసుంటే ఆ మడతలన్నీ కనపడేవి. చూడలేదు. పోనీలే, మగాడు, హడావిడి మనిషి అని సర్దుకుంది. సర్దుకోవడంలో ఆవిడని మించినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

అన్నయ్య ఫోను మోగి, ఆయన బయటికెళ్ళగానే, బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని ముడులు విప్పడం మొదలుపెట్టింది. నడుము దారం విప్పడానికి బొమ్మని తలకిందులు చేసింది. అప్పుడు కనపడ్డాయి అరికాళ్ళు.

ఎర్రరంగు గీరుకుపోయి కొయ్య బయటపడింది. మడమల దగ్గర చెక్కవేదిక దుమ్ము రంగులోకి దిగి నల్లగా అంటుకుంది. రంగులాయన దగ్గర్నుంచి తిన్నగా ఇంటికొచ్చిన బొమ్మ. మొహం మీద మెరుపు ఇంకా ఆరలేదు. ఆ కాళ్ళు మాత్రం గంటలకొద్దీ ఆడిన కాళ్ళు.

చిట్టత్త గోటితో ఆ నలుపు గీకి చూసింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. నమ్మకం అంత తొందరగా చస్తుందా? రంగులాయన పిల్లలు ఆడుకుని ఉంటారులే అనుకుని, దారాలకి రాయడానికి మైనం కోసం సామాన్ల గదిలోకి వెళ్ళింది. మైనం డబ్బా తలుపు వెనక అరలో ఉంటుంది. తలుపు మూస్తే గానీ చెయ్యి అందదు. మూసింది.

తలుపు వెనక, పైన, కొత్త మేకు.

చెయ్యి చాపింది. అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు. దాని కింద నేల మీద ఎండిన మైనం చుక్కలు, కత్తిరించిన దారపు ముక్కలు. ఎవరో అక్కడ కుదురు తగిలించి, దారాలు కొలిచి, ముడులు వేశారు. అన్నయ్యది కూడా అంత ఎత్తు కాదు. అంత ఎత్తు మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది.

అన్నయ్య కూతురు. పదిహేనేళ్ళు నిండకుండానే గుమ్మాలన్నిటికీ తల కొట్టుకోవడం మొదలుపెడితే, దానికి 'నిచ్చెన' అని పేరు పెట్టింది చిట్టత్తే. ఊచ పట్టుకోవడం నేర్పింది చిట్టత్తే. రాణి ఏడ్చేటప్పుడు ముందు భుజం ఏడవాలి, తర్వాత తల ఏడవాలి అని చూపించింది చిట్టత్తే. పైగా, అసలు కడుపు మండే సంగతి ఇది, ఈ ఆటల కాలం అయిపోగానే కుదురు దాని తలకెత్తాలని ఎప్పుడో మనసులో అనుకుంది కూడా.

ఆ బృందంలో కుదురు మారడానికి ఒక పద్ధతుంది. ఆడించే మనిషి తన చేతుల్తో తన తల మీద నుంచి తీసి తర్వాతి మనిషి తల మీద పెట్టాలి. పెట్టేముందు కుదురుకి ఇచ్చే మనిషి చీర ముక్క ఒక చుట్టు చుట్టాలి. మేనత్త చుట్టింది తన పసుపుచీర. దాని కింద ఆవిడ మేనత్తది. మొదటి ఆటకి ముందు, తలకి వదులు కాకుండా పట్టాలని, చిట్టత్త తన ఆకుపచ్చ చీర ముక్క కూడా పైన చుట్టుకుంది. నిచ్చెనకి చుట్టి ఇవ్వాలని ఉన్నదాంట్లో మంచి చీర, నీలం నూలుది, అంచు తీసి పొడుగ్గా చింపి పెట్టెలో మడతపెట్టి ఉంచింది. ఇవ్వాలనుకున్న వస్తువే. ఇచ్చే చెయ్యినే కొట్టేశారు.

వదిన వరండాలో రాజు కోటుకి పూసలు కుడుతోంది. చిట్టత్త వెళ్ళి పక్కన కూర్చుంది.

"వదినా, నిచ్చెన స్నేహితురాలింటికెళ్ళొచ్చింది కదా. కులాసాగా గడిచిందటా?"

"ఆఁ, బాగానే గడిచింది. అక్కడ బొమ్మలూ ఆటలూ ఏముంటాయి? అసలు దానికి కుదురంటేనే తలనొప్పి కదా!"

బొమ్మ ఊసు గానీ కుదురు ఊసు గానీ చిట్టత్త ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వదిన సంగతి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్యకి తెలీదా? తెలిసీ చెప్పాడంటే, ఇంట్లో అందరికీ చెప్పాల్సిన మాటే అనుకున్నాడన్నమాట, ఒక్క చిట్టత్తకి తప్ప.

"వదినా, ఇలా చూడు. రాణి అరికాళ్ళు చూశాను. తలుపు వెనక మేకు చూశాను."

వదిన సూది ఆగిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ అంతా కక్కేసింది. పెద్ద నాటకశాల వాళ్ళు బృందాన్ని పిలిచారు. కానీ వాళ్ళకి తెర వద్దట. ఆడించే మనుషులు కూడా జనానికి కనపడాలట, అదే కొత్త పోకడట. ముందు ఒక ఆట ఆడి చూపించమన్నారు. అన్నయ్య నిచ్చెన కొలతకి కుదురుకి దారాలు ఇక్కడే కట్టుకుని వెళ్ళి, రంగులాయన దగ్గర్నుంచి రాణిని తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు. ఆట వాళ్ళకి నచ్చింది. శనివారం నుంచి అక్కడే ఆటలు.

"నిన్ను బాధపెట్టకూడదనే చెప్పలేదమ్మా చిట్టీ. నీ మీద ప్రేమ లేక కాదు."

"భలే ప్రేమ వదినా! తడిగుడ్డతో గొంతు కోస్తే రక్తం కూడా కనపడదు."

నిచ్చెన సాయంత్రం బజారు నుంచి వచ్చి, వంగి గుమ్మం దాటి, అత్త మొహం చూసింది. చూడగానే సంచీ కింద పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"చెప్పవే," అంది చిట్టత్త. "బరువుందా రాణి?"

"అత్తా..."

"అడిగినదానికి చెప్పు. మెడ లాగిందా?"

"లాగింది. మూడో అంకంలో చచ్చిపోతాననుకున్నా." పిల్ల ఏడుపు మింగుతూ చెప్పింది. "నువ్వు ఒప్పుకున్నావని చెప్పాడత్తా నాన్న. ఒట్టు. నువ్వే పంపించావనుకున్నా. నువ్వు కట్టే ముడులు కావేంటని కూడా అడిగా. వచ్చేటప్పుడు బండిలో, అత్తకి చెప్పకు అన్నాడు. అప్పుడు తెలిసింది."

"తెలిశాక?"

నిచ్చెన గోడ సున్నం గోటితో గీకింది.

"తెలిశాక ఇంటికొచ్చావు. నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. రాణి ఎప్పుడొస్తుందే అని నేనడిగితే, రంగు ఆరాలి కదత్తా అన్నావు. నోరెలా వచ్చిందే?"

"చెప్తే మళ్ళీ ఆడనివ్వవేమోనని భయమేసింది," అంది నిచ్చెన గబగబా, తప్పు ఒప్పేసుకునే తొందరలో. "ఒక్కసారి తలకెత్తుకున్నాక దించబుద్ధి కాలేదు. నీకు తెలుసు కదా అదెలా ఉంటుందో."

తెలుసు. తెలియకపోతే బాగుండేది, గట్టిగా రెండు దెబ్బలేసి ఊరుకునేది. మొదటిసారి రాణి తన అడుక్కి అడుగేసిన రోజున చిట్టత్తకీ దించబుద్ధి కాలేదు. కానీ తనకి ఆ రోజు ఒకరు చేతుల్తో ఇచ్చారు.

"పిచ్చిమొద్దూ, అడిగితే ఇచ్చేదాన్నే కదే! నీకు కాక ఎవరికిస్తానే?" అంది. అన్నాక ఏడుపు ఆగలేదు. పిల్ల దగ్గరికి రాబోతే చెయ్యెత్తి వద్దంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా!

అన్నయ్య ఆ రోజంతా ఆవిడ కంటపడలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తనే వచ్చాడు. చెల్లెలికి కాఫీ తెచ్చివ్వడం ఆయన జన్మలో అదే మొదటిసారి. దాంతోనే తెలిసిపోయింది, ఇంకా ఏదో అడగడానికి వచ్చాడని.

"తప్పే చిట్టీ. నేనే చెప్పాల్సింది. కానీ ఆలోచించు. తెర ఉండదు. అంతమంది కళ్ళ ముందు, ఈ వంగిన మెడతో నువ్వు... చూసేవాళ్ళకి బొమ్మ మీద చూపు నిలవదే. మనందరి బతుకూ ఈ ఆట మీదే ఉంది."

"ఆ ముక్క నా మొహం మీద ఎందుకు చెప్పలేదు? నేనంత మూర్ఖురాలినా? తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆ తర్వాత నా చేతుల్తో నేనే పిల్లకి ఎత్తేదాన్ని."

"అదే, అదే నేనూ అనేది!" అన్నయ్య మొహం వెలిగింది. "శనివారం ఆటకి ముందు, వేదిక మీద, అందరి ముందూ నువ్వే కుదురు తీసి దాని తల మీద పెట్టు. మన పద్ధతి ప్రకారం. నీ పెద్దరికం నిలబడుతుంది. జనానికీ బాగుంటుంది. నాటకశాల వాళ్ళకి చెప్పాను కూడా, ఫొటోలు తీయిస్తామన్నారు."

చిట్టత్త అన్నయ్య మొహంలోకి చూసింది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఊదిన అన్నయ్య. మొగుడు పోయినప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన అన్నయ్య. దొంగిలించడం ఒక ఎత్తు. దొంగిలించిన వస్తువుని నువ్వే ఇచ్చినట్టు నవ్వుతూ నిలబడమనడం ఇంకో ఎత్తు.

"ఆ పిల్ల తల మీద కుదురు ఎక్కేసిందన్నయ్యా. రెండోసారి ఎక్కించేది పద్ధతి కాదు, వేషం. వేషాలు బొమ్మలకే. నాకొద్దు."

"పంతం పట్టకే."

"పంతమంటే నీకేం తెలుసు? కాఫీ చల్లారిపోయింది, తీసుకెళ్ళు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళ కోపం, రెండు రోజులుంటుందిలే అనుకుని ఉంటాడు.

శనివారం పొద్దున్న వ్యాను వచ్చింది. పెట్టెలన్నీ ఎక్కించేశారు, రాణి పెట్టె తప్ప. వదినా, నిచ్చెనా, అన్నయ్యా షెడ్డులోకి వచ్చేసరికి చిట్టత్త గుంజ దగ్గర పీట మీద కూర్చునుంది. రాణి పక్కన పడుకుని ఉంది, ఒంటి మీద ఒక్క దారం లేకుండా. దారాలన్నీ శుభ్రంగా ఉండచుట్టి పక్కన పెట్టింది. ఒక్కటీ కోయలేదు. కోపం బొమ్మ మీద కాదు కదా.

కుదురు ఆవిడ ఒళ్ళో ఉంది. తను చుట్టిన ఆకుపచ్చ చుట్టు విప్పుతోంది. ఏళ్ళ తరబడి చెమటకి గుడ్డ రంగు పోయి, గట్టిపడి, తోలులా ఉంది. మెల్లిగా, చుట్టు వెనక చుట్టు, ఆఖరిదాకా విప్పింది. కింద నుంచి మేనత్త పసుపుచీర బయటపడింది.

"అదేంటే!" అన్నాడు అన్నయ్య. "కుదురు పాడు చేస్తున్నావా?"

"పాడు చెయ్యట్లేదు. నాది నేను తీసుకుంటున్నా. మిగతాది మీ ఇంటిది." కుదురు తీసి అన్నయ్య చేతుల్లో పెట్టింది. "ఇచ్చింది నువ్వు కదా. పెట్టేది కూడా నువ్వే పెట్టు."

నిచ్చెన ముందుకొచ్చి అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అంత పొడుగు పిల్ల, అత్తకి అందాలని తల బాగా కిందకి వంచింది. ఏమీ అడగలేదు. వంచిన తల అలాగే ఉంచింది. చిట్టత్త చేతులు తమంతట తామే లేవబోయాయి. పెట్టెలో నీలం చీర గుర్తొచ్చింది. చేతులు మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుని, ఆకుపచ్చ గుడ్డని గట్టిగా పట్టుకుంది.

"లేవే, బండికి ఆలస్యమవుతుంది," అంది.

అన్నయ్యే కూతురి తల మీద కుదురు పెట్టాడు. ఒక చుట్టు తగ్గింది కదా, జారి కనుబొమల మీదకి వచ్చింది. నిచ్చెన దాన్ని పైకి తోసుకోలేదు. దాని కింద నుంచే కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

"సరే సరే, అక్కడికెళ్ళి ఏదో గుడ్డ చుడదాం," అని గొణుగుతూ అన్నయ్య కుదురు తీసుకుని, మళ్ళీ దారాలు కట్టడానికి తగిలిద్దామని గుంజ వైపు తిరిగాడు. ఆయన చెయ్యి అలవాటుగా మేకు కోసం వెతికింది. అక్కడ రెండు మేకులున్నాయి. నాన్న కొట్టిన తుప్పు మేకు, దానికి నాలుగు వేళ్ళ కింద నిగనిగలాడే కొత్త మేకు.

"ఇదెవరిది?"

"నాదే. పొద్దున్నే నేనే కొట్టుకున్నా."

అన్నయ్య నవ్వబోయాడు. తర్వాత చెల్లెల్ని చూశాడు. మేకుని చూశాడు. మళ్ళీ చెల్లెల్ని. చిట్టత్త పీట మీద నుంచి లేచి, గుంజకి వీపు ఆనించి, ఎంత నిటారుగా నిలబడగలదో అంత నిటారుగా నిలబడింది. నడినెత్తి కొత్త మేకు దగ్గర ఆగింది.

"ఇంత... ఇంత కిందకి ఎప్పుడు దిగావే చిట్టీ?"

"ముప్ఫై ఏళ్ళు నీ పక్కనే నిలబడి ఆడించానన్నయ్యా. నలుగురికీ కనపడకుండా నన్ను దాచాలని తెలిసేటంత చూశావు. ఎప్పుడు దిగానో మాత్రం నీకు కనపడలేదు."

బయట డ్రైవరు హారను కొట్టాడు. అన్నయ్య ఒక చేత్తో కుదురు పట్టుకుని, రెండో చేతి నాలుగు వేళ్ళూ ఆ రెండు మేకుల మధ్య పెట్టి చూశాడు. సరిగ్గా పట్టాయి. ఆ చెయ్యి అక్కడ నుంచి తియ్యలేదు.

చిట్టత్త ఆకుపచ్చ గుడ్డ మడతపెట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.